మూడు సెకన్ల ముఖం

కృష్ణానగర్ ఆఫీసుల్లో "నటన వచ్చా?" అని అడిగే కాలం పోయి చాలా రోజులైంది. ఇప్పుడు లోపలికి అడుగుపెట్టగానే "ఎంతమంది ఉన్నారు?" అంటారు. ఇంట్లో కాదు, ఫోన్లో ఫాలోయర్లు. తరళకి ఉన్నది పదకొండు వందల నలభైమంది. అందులో ఓ వందమంది చుట్టాలు. ఇంకో మూడు వందలమంది ఏ దేశంవాళ్లో తెలియని, పొద్దున లేస్తే "హాయ్ డియర్" అనే దిక్కుమాలిన సంత. ఆ సంఖ్య వినగానే మేనేజరు అనబడే ప్రతివాడూ ఆమె ఫొటోని బల్లమీద బోర్లా పెట్టేవాడు.

కూతురికి తోడుగా వెళ్లి ఆ ఆఫీసుల వరండాల్లో కూర్చోవడం సువర్చలకి పురుగుల అన్నం తిన్నట్టుండేది. పక్క కుర్చీలో నలభై పచ్చిమిరపకాయలు నమిలి రీల్ చేసిన కుర్రాడు ఉండేవాడు. వాడికి హీరో స్నేహితుడి వేషం వచ్చింది. ఎవరో పాడిన పాటకి పెదాలు కదిపే పిల్ల ఉండేది. ఆమెకి చెల్లెలి వేషం వచ్చింది. మూడేళ్లు నాటకం నేర్చుకున్న తరళకి మాత్రం "చెప్తామమ్మా" అన్న మాట వచ్చింది.

తరళ నటన ఎలాంటిదో సువర్చలకి తెలుసు. నారాయణగూడలో ఓ చిన్న హాల్లో, అరవైమంది ముందు, నాలుగు నిమిషాలు ఒక్క మాట లేకుండా కుర్చీలో కూర్చుని భర్త చెప్పేది విన్న ఇల్లాలి పాత్ర వేసిందా పిల్ల. విన్నది, అంతే. ఆ నాలుగు నిమిషాలూ హాల్లో ఎవడూ దగ్గలేదు. అలాంటి పిల్ల మిరపకాయల వాడి వెనక వరసలో నిలబడాల్సి వచ్చింది. సువర్చలకి లోకం మీద అసహ్యం అక్కడే మొదలైంది, తర్వాత అది ఆమెని ఎక్కడికి లాక్కుపోయిందో ఆమె కూడా చూసుకోలేదు.

సువర్చల పని నరాలతో. నాచారంలో ఓ చిన్న ప్రయోగశాల నడిపేది. పక్షవాతంతో మూతి వంకరపోయినవాళ్ల కోసం ఆమె ఒక పట్టీ కనిపెట్టింది. చెవి వెనక చర్మం కింద, వెంట్రుకంత తీగె. ముఖంలో బాగున్న పక్క ఏ కండ ఎప్పుడు కదులుతోందో అది కనిపెట్టి చూసుకుంటుంది, చచ్చుబడిన పక్కకి అదే కదలిక అందిస్తుంది. మొదట దాన్ని పెట్టించుకున్నవాడు యాదగిరి అనే సిటీ బస్సు కండక్టరు. పెట్టే ముందు అతనికి ఓ షరతు చెప్పింది. నలభై రోజులపాటు రోజూ నాలుగు గంటలు గదిలో ఒంటరిగా ఉండాలి. ఫోను వద్దు, టీవీ వద్దు, పెళ్లాం కూడా వద్దు.

"నలభై దినాలు ఒక్కన్నే కూసోవాల్నా డాక్టరమ్మా? మొకం నాదే గదా, నన్ను గుర్తువట్టనీకి దానికి గన్ని దినాలెందుకు?" అన్నాడు యాదగిరి.

"పదిమందిలో ఉంటే వాళ్ల కోసం ఏదో ఒక మొహం పెడతావయ్యా. ఒక్కడివే ఉన్నప్పుడు ఉండే మొహం కావాలి నాకు. అదే నీది," అంది సువర్చల.

నలభై ఒకటో రోజు పట్టీ పనిలో పెట్టి చేతికి టీ ఇచ్చింది. ఎడమ పక్క నుంచి చుక్క కూడా కారలేదు. యాదగిరి కప్పులోకి చూశాడు, భార్యవైపు చూశాడు, నవ్వాడు. నవ్వు రెండు పక్కలా వచ్చింది. "గిట్లనే ఎక్కిరిస్తుండె నన్ను," అని భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సువర్చల జీవితంలో చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆ మంచిపనిని నాశనం చేసే తెలివి ఆమె భర్త పురందర్‌కి వచ్చింది. పురందర్ ముప్ఫై ఏళ్లుగా సినిమా మనిషి. ముప్ఫై ఏళ్లలో రెండు సినిమాలకి క్లాప్ కొట్టాడు, అందులో ఒకటి విడుదల కాలేదు. మిగతా కాలమంతా "ఇండస్ట్రీ నాకు తెలుసు" అనే మాట మీద బతికేశాడు. ఓ రోజు యాదగిరి వీడియో చూస్తూ భోజనం మధ్యలో చెయ్యి ఆపాడు.

"కుడిపక్కని చూసి ఎడమపక్క నేర్చుకుంటోంది కదా. మరి జనాన్ని చూసి మొత్తం మొహం నేర్చుకోదా?"

"అంటే?"

"రీల్ చూసేవాడు వేలితో తోసుకుంటూ పోతుంటాడు. ఎక్కడో ఆగుతాడు. ఏ మొహం దగ్గర ఆగాడో నీ పట్టీకి చెప్పామనుకో. మర్నాడు అమ్మాయి మొహం కొంచెం అటు జరుగుతుంది. ఆ మర్నాడు ఇంకొంచెం."

"అన్నం తినండి," అంది సువర్చల.

పదిహేడో ఆఫీసు నుంచి వచ్చిన రోజు తరళ మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. "అమ్మా, మానేస్తాను. బ్యాంకు పరీక్షలకి చదువుకుంటాను. నిజంగానే, కోపంతో కాదు," అంది. ఆ పిల్ల నిజంగానే మనసు దిటవు చేసుకుంది. వదిలేసి ఉంటే ఈపాటికి ఏ బ్యాంకు కౌంటరులోనో కూర్చుని, సాయంత్రాలు నాటకాలాడుకుంటూ హాయిగా ఉండేది. మానలేనిది సువర్చల. బోర్లా పెట్టిన ఆ పదిహేడు ఫొటోలూ ఆ పదిహేడుమంది వెధవల చేత తిప్పించాలనిపించింది. ముల్లుని ముల్లుతోనే తియ్యాలి అనుకుంది. రెండు వారాలు ప్రయోగశాల తలుపు వేసుకుని పట్టీకి కొత్త చదువు చెప్పింది. ఈ ఒక్కసారికి అని తరళని ఒప్పించి చెవి వెనక దాన్ని పెట్టింది. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా నిలబడింది. జనాన్ని చూపించే ముందు పట్టీ నలభై రోజులు తరళని ఒంటరిగా చూడాలి. ఎప్పుడైనా వెనక్కి రావాలంటే ఆ ముఖానికే వస్తుంది. ఆ నలభై రోజులూ తనకి వేరే ఊళ్ల ఆసుపత్రుల్లో పట్టీ పరీక్షలుండటంతో ఆ భారం పురందర్‌కి అప్పగించి వెళ్లింది. పాలకి పిల్లిని కాపలా పెట్టడం అంటే ఇదే.

ఇక జనం చదువు మొదలైంది. చూసేవాడు ఒక బొమ్మకి మూడు సెకన్లు ఇస్తాడు. ఆ మూడు సెకన్లలో బాధో ప్రేమో సిగ్గో మొత్తం వచ్చేసి, అయిపోవాలి. వారం తిరిగేసరికి తరళ గడ్డం ఓ వేలు వాసి కిందికి దిగడం నేర్చుకుంది. రెండో వారంలో ఎడమ పెదవి చివర లోపలికి మడతపడింది. నెలాఖరుకి కళ్లలో నీళ్లు మెరిసి, కిందికి జారకుండా నిలబడటం వచ్చింది. ఆ నీళ్ల దగ్గర జనం టోకున ఆగారు. పట్టీ పెట్టిన మూడో నెలకి మూడు లక్షలమంది. అయిదో నెలకి పదహారు లక్షలు. "అక్కా నీ కన్నీటి కోసం ప్రాణమిస్తా" అని రాశాడొకడు. ప్రాణానికి ఇంకేం పనిలేదు కాబోలు. ఫొటో బోర్లా పెట్టిన మేనేజర్లు పూలగుత్తులు పంపారు. అపార్ట్‌మెంటులో కొత్త లిఫ్టు ప్రారంభానికి కూడా తరళనే పిలిచారు. ఆమె మీట నొక్కి, గడ్డం దించి, కళ్లు మెరిపించింది. లిఫ్టు రెండో అంతస్తులో ఆగిపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

సువర్చల వాళ్లందరినీ చూసి లోపల్లోపల నవ్వుకునేది. వీళ్ల బతుకంతా వేలి చివర ఉంది అనుకునేది. ఆ వేలికి తన కూతుర్ని కట్టింది తనే అన్న సంగతి ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

పట్టీ పెట్టి అయిదున్నర నెలలు గడిచాక ఓ ఆదివారం పొద్దున తరళ వంటింట్లో దోసెలు పోస్తోంది. సువర్చల బల్ల దగ్గర కూర్చుని పేపరు చూస్తోంది. "అమ్మా, కాలింది," అంది తరళ. సువర్చల తలెత్తింది. తరళ ఆమెవైపు తిరిగి నిలబడి ఉంది. గడ్డం కొద్దిగా దిగింది, పెదవి చివర ముద్దుగా లోపలికి మడతపడింది, కళ్లు మెరుస్తున్నాయి. పదహారు లక్షలమందిని ఆపిన ముఖం. కొత్త రీల్ కోసం సాధన చేస్తోందనుకుని సువర్చల నవ్వింది. "బాగుంది," అని కూడా అంది.

"అమ్మా, చెయ్యి," అంది తరళ, అదే ముఖంతో.

అప్పుడు వాసన వచ్చింది. పిడి ఊడిన పెనాన్ని ఉత్త చేత్తో పట్టుకుంది. అరచేయి తెల్లగా పొంగి, ఒళ్లంతా వణుకుతోంది. ముఖం మాత్రం వేరెవరిదో అన్నట్టు అందంగా ఉంది. సువర్చల ఆ చేతిని నీళ్ల కింద పట్టుకుని తనే ఏడ్చింది. "ఊరుకో అమ్మా, నాకు అరవాలనుంది గానీ నోరు అంత తెరుచుకోవట్లేదు," అంది తరళ. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా ఆమె చూడముచ్చటగా ఉంది.

అదే వారంలో ముక్తేశ్వర్ కబురు పెట్టాడు. ఆయన సినిమాలు తక్కువ తీసినా బాగా తీసే పెద్దమనిషి. నిర్మాత పదహారు లక్షలమందిని చూసి ఒప్పుకున్నాడు. ముక్తేశ్వర్ మాత్రం నారాయణగూడ నాటకం చూసిన అరవైమందిలో ఒకడు కాబట్టి ఒప్పుకున్నాడు. కథలో బిడ్డ తప్పిపోయిన తల్లి పాత్ర. గదిలో రెండు కుర్చీలు వేయించి, సువర్చలని వెనక కూర్చోమని, తరళ ఎదురుగా తనే కూర్చున్నాడు.

"నేను మీ ఆయన్ని. వెతికి వచ్చాను, దొరకలేదు. అది చెప్తాను, నువ్వు విను. వినడమే, ఇంకేం చెయ్యకు తల్లీ," అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. ఏ వీధిలో అడిగాడో, ఏ బస్టాండులో పడుకున్నాడో, ఎవరో పిల్లల చెప్పు చూపిస్తే అది తమ బిడ్డది కాదని ఎలా సంతోషపడ్డాడో నెమ్మదిగా చెప్పాడు. వెనక కూర్చున్న సువర్చలే కళ్లు తుడుచుకుంది. తరళ ముఖంలో గడ్డం దిగింది, కళ్లు మెరిశాయి, మూడు సెకన్లకి అంతా సర్దుకుంది. మళ్లీ పెదవి మడతపడింది, మూడు సెకన్లకి విప్పుకుంది. మళ్లీ గడ్డం. ఆయన చెబుతున్న మాటకీ ఆ కదలికలకీ సంబంధం లేదు. ముక్తేశ్వర్ చెప్పడం ఆపేశాడు.

"అమ్మాయీ, నువ్వు వినట్లేదు," అన్నాడు మెల్లగా.

"వింటున్నానండీ. మీరు చెప్పిన ప్రతి మాటా విన్నాను. నా లోపల ఏమవుతోందో మీకు తెలీదు," అంది తరళ. గొంతు పగిలింది. ముఖం సిగ్గుపడింది.

ఆయన ఆ ముఖాన్ని చూస్తూ లేచి, ఆమె తల మీద చెయ్యి వేశాడు. "నారాయణగూడలో ఒక పిల్లని చూశాను. ఎన్నాళ్లు పట్టినా సరే, ఆ పిల్లని తీసుకురా. అంతవరకూ ఈ వేషం ఎవరికీ ఇవ్వను," అన్నాడు.

ఆటోలో తరళ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అమ్మా, వెనక్కి తిప్పెయ్. నా మొహం నాకిచ్చెయ్."

ప్రయోగశాలకి వెళ్లగానే సువర్చల పట్టీ దాచుకున్న తొలి ముఖాన్ని తెరిచి చూసింది. నలభై రోజుల రికార్డు ఉండాల్సిన చోట నాలుగు గంటల ముక్క ఒకటి ఉంది. తెర మీద పదమూడేళ్ల తరళ. పట్టు ఓణీ, నడుముకి వడ్డాణం, మొహం నిండా తెల్లటి వీడియో లైటు. వెనక నుంచి వీడియో అతని గొంతు: "ఇటు చూడు తల్లీ. గడ్డం కొంచెం దించు. కొంచెం సిగ్గుపడు. ఆఁ, అలాగే ఉండు." నాలుగు గంటలూ అదే.

ఫోను చేసి పిలిపిస్తే పురందర్ ఏమాత్రం తొణకలేదు. "నలభై రోజులు గదిలో పెడితే ట్రెండింగ్ పాటలు మూడు పోయేవి. ఇండస్ట్రీ నాకు తెలుసు. గదిలో కూర్చోనక్కర్లేదని నువ్వే అన్నావని అమ్మాయికి చెప్పాను. పాత వీడియో ఇచ్చినా పట్టీ తీసుకుంటుందని నువ్వే కదా ఓసారి చెప్పావు. ఇంట్లో ఉన్నవాటిల్లో క్లియర్‌గా ఉన్న వీడియో ఓణీల ఫంక్షన్‌దే. తొమ్మిదేళ్లయినా ప్రింటు చెక్కుచెదరలేదు."

కూతురి సొంత ముఖం ఏదిరా అంటే ఫంక్షన్ వీడియో తెచ్చి ఇచ్చిన ఆ తండ్రిని సువర్చల పైనుంచి కిందికి చూసింది. ఇరవై అయిదేళ్ల కాపురంలో తిట్టనివన్నీ ఆ రోజు తిట్టింది. అతను వాచీ చూసుకున్నాడు.

వెనక్కి తిప్పితే వచ్చేది ఆ ఓణీల పిల్ల ముఖమే. ఇక మిగిలింది ఒకటే దారి. పట్టీని పూర్తిగా ఆపెయ్యాలి. అరువు కదలికలకి అలవాటుపడ్డ కండలన్నీ ఒక్కసారిగా వేలాడిపోతాయి. నాలుగైదు నెలలు తినడం, మాట్లాడటం అన్నీ యాదగిరి పాత అవస్థే. తర్వాత నరాలు వాటంతట అవే మెల్లగా తమ దారి వెతుక్కుంటాయి. కానీ పట్టీ పెట్టి ఆరు నెలలు నిండితే ఆ దారి కూడా మూసుకుపోతుంది, ఆపినా ఆపకపోయినా ఒకటే. అప్పటికి మిగిలింది పన్నెండు రోజులు. ఆపాలంటే మీట మీద సువర్చల వేలిముద్ర పడాలి. చేత్తో పీకితే నరం తెగుతుంది.

ఇదంతా సువర్చల చెబుతుండగానే పురందర్ ఫోను మోగింది. అతను పక్కకి వెళ్లి మాట్లాడి, మొహం వెలిగిపోతూ వచ్చాడు. "నిర్మాత. ముక్తేశ్వర్‌ని తీసేశాడు. ముసలాడికి చాదస్తం అన్నాడు. కుర్ర డైరెక్టరు, అమ్మాయి మొహం ఉన్నదున్నట్టు కావాలన్నాడు. పోస్టరంతా తరళే. సోమవారం షూటింగ్."

"నాకొద్దు. అమ్మా, ఆపెయ్. ఇప్పుడే," అంది తరళ.

సువర్చల వేలు మీట దాకా వెళ్లింది. పోస్టరు అన్న మాట దగ్గర ఆగింది. పదిహేడు ఆఫీసులూ కళ్లముందు తిరిగాయి. వాటి ముందు గోడల మీద తన కూతురి బొమ్మ, కింద నిలబడి తలెత్తి చూసే ఆ మేనేజర్ల బోడి తలలు కనిపించాయి. ఒక్క సినిమా. ఆ తర్వాత ఎవడికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

"నలభై అయిదు రోజులే కదమ్మా షూటింగు. అయిపోగానే ఆపేద్దాం," అంది.

"ఆరు నెలలు దాటిపోతాయి కదా. ఇప్పుడేగా నువ్వు చెప్పావు."

"ఆ లెక్క ఉజ్జాయింపుగా వేసింది. ఓ నెల అటూ ఇటూ అయితే ఏం కాదు."

అది అబద్ధం. ఆ లెక్కని ఆమె నాలుగుసార్లు సరిచూసుకుంది. తరళ లేచి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, కాలిన చేత్తోనే ఆమె మోకాలు పట్టుకుంది. "నీ కాళ్లు పట్టుకుంటానమ్మా. ఆపెయ్," అంది. సువర్చల కూతురి ముఖంలోకి చూసింది. గడ్డం దించుకుని, కళ్లు మెరిపిస్తూ, పెదవి చివర చిన్న మడతతో పిల్ల ముద్దొస్తోంది. బతిమాలుతున్న ముఖంలా లేదది. సువర్చలకి ఆ ముఖం చాలా సాయపడింది. అంత బాధపడుతున్నట్టు లేదులే అనుకుని మీట మీద నుంచి వేలు తీసేసింది. అది ఎవరు తయారు చేసిన ముఖమో ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఈ భూమ్మీద లేరు.

సినిమా వచ్చింది. కుర్ర డైరెక్టరు కుర్చీల సీను తీసేసి, దాని స్థానంలో పాట పెట్టి, తరళ ముఖాన్ని మూడేసి సెకన్ల ముక్కలుగా కోసి తెర నిండా అతికించాడు. జనం ఈలలు వేశారు. "మాటలు లేకుండా ముఖంతోనే మనసు చెప్పే నటి" అని పేపర్లు రాశాయి. ఆరు నెలలు దాటి అప్పటికి ఎంతకాలమైందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. తరళ షూటింగుకి వెళ్లింది, వచ్చింది, ఎప్పుడు ఆపుతావని తల్లిని మళ్లీ అడగలేదు.

మొదటి వారం చివర మ్యాటినీకి ముగ్గురూ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఓ థియేటరుకి వెళ్లారు. ఆట వదిలాక బయట డప్పులు, పూలు, ఫోన్లు ఎత్తిన చేతులు. పురందర్ నాలుగు మెట్లు కిందికి దిగి తనూ ఫోను పైకెత్తాడు. మెట్ల మీద తల్లి పక్కన నిలబడ్డ తరళ ఆమెవైపు తిరిగి, రెండు చేతులూ పట్టుకుంది. గడ్డం దిగింది. కళ్లలో నీళ్లు నిండి, జారకుండా నిలబడ్డాయి. చుట్టూ ఉన్న జనం "అబ్బ" అన్నారు.

"అమ్మా, ఆ రోజు నేను కాళ్లు పట్టుకున్నాను," అంది తరళ, సువర్చలకి మాత్రమే వినిపించేలా. "నీకు తెలిసే చేశావు. నాన్నని క్షమిస్తాను, ఆయనకేం తెలీదు. నిన్ను మాత్రం చచ్చేదాకా క్షమించను."

ఆ ముఖంలో ప్రేమ పొంగిపొర్లుతోంది. 

"బంగారం," అని పురందర్ కింద నుంచి అరిచాడు. "ఎవడో అడ్డం వచ్చాడురా. మీ అమ్మతో ఏం అన్నావో గానీ, అదే మళ్లీ ఒక్కసారి అను. మాటలు వినపడకపోయినా పర్లేదు, పైన పాట పెడతాను. సువర్చలా, ఏంటా మొహం? పిల్ల అంత ప్రేమగా మాట్లాడుతుంటే ఎవరో పోయినట్టు నిలబడ్డావు. కాస్త నవ్వు."

తరళ తల్లి చేతులు వదల్లేదు. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా, మళ్లీ అంది.

సువర్చల ఫోనువైపు తిరిగి నవ్వింది.